సకినం పరుగు: నిలవని కుక్కపిల్లను ఫొటో తీసిన డైరీ

హన్మకొండలోని వడ్డేపల్లి చెరువు దగ్గర పైపుల కోసం తవ్వి వదిలేసిన గుంతలో దొరికిన ఒక నల్ల కుక్కపిల్లను, అది ఆడుతూ ఉండగా, కన్ను స్పష్టంగా కనిపించేలా ఫొటో తీయడానికి నాకు 21 ఉదయాలు, 2,407 ఫ్రేములు పట్టాయి. వాటిలో ఉంచుకోదగినవి 196. ఈ పని ఇంకెవరైనా చేయదలిస్తే ఇన్ని ఫ్రేములు పట్టకూడదన్న ఉద్దేశంతో ఎక్కడ చెడిందో, ఏమి మార్చానో, ఎందుకు మార్చానో తేదీలతో సహా రాసి పెడుతున్నాను.

కుక్కపిల్లను ఎవరికైనా పెంచుకోవడానికి ఇవ్వాలని మొదట నేను పంపిన ఫొటో అది నిద్రపోతున్నప్పుడు తీసినది. దాని కింద ‘నెమ్మదైన పిల్ల’ అని రాశాను. ఆ ఫొటో చూసి తీసుకెళ్ళిన కుటుంబం మూడో రోజు పొద్దున్నే తిరిగి తెచ్చి ఇచ్చింది. రెండు రాత్రుల్లో అది రెండు జతల చెప్పులు, చార్జరు వైరు, పూజగది తెర కొరికి పారేసిందట. చిన్నవాడి ప్యాంటు పట్టుకొని వదలలేదట. తప్పు వాళ్ళది కాదు. నేను చూపించిన కుక్క వేరు, వాళ్ళ ఇంటికి వెళ్ళిన కుక్క వేరు. అందుకే రెండోసారి ఫొటోలు అది పరుగెత్తేటప్పుడు, దూకేటప్పుడు, గుడ్డ పీక్కునేటప్పుడే తీయాలని నిర్ణయించుకున్నాను. చూసినవాళ్ళు ఆ దూకుడు చూసే తీసుకోవాలి.

ప్రారంభంలో ఉన్న వివరాలు ఇవి. పళ్ళను బట్టి వయసు సుమారు 10 వారాలని పశువైద్యుడు చెప్పారు. బరువు 3.4 కిలోలు, భుజం దగ్గర ఎత్తు 24 సెంటీమీటర్లు. ఒళ్ళంతా నలుపు, నాలుగు పాదాలు, ఛాతీ మీద ఒక మచ్చ తెలుపు. తోక సంక్రాంతికి చేసే సకినంలాగా చుట్టుకొని ఉంటుంది కనుక మా మేనల్లుడు దానికి సకినం అని పేరు పెట్టాడు. పేరు పెట్టి పిలిస్తే రాదు, కూర్చోమంటే కూర్చోదు. అప్పటికి ఒక్క టీకా మాత్రమే పడింది. పార్వో వంటి జబ్బులు వీధి నేల మీద నుంచి అంటుకుంటాయి కాబట్టి 16 వారాలకు వేసే చివరి విడత అయ్యి, మరో రెండు వారాలు గడిచేదాకా బయటి మైదానానికి తీసుకుపోవద్దని వైద్యుడు గట్టిగా చెప్పారు. అలా మొదటి నాలుగు దశలూ హన్మకొండలోని మా డాబా మీదే జరిగాయి. డాబా పొడవు 9 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు. ఒక మూల నీళ్ళ ట్యాంకు, మధ్యలో దండెం కట్టే రెండు గుంజలు, చుట్టూ పిట్టగోడ ఉన్నాయి.

ఫొటోను ఉంచాలా తీసేయాలా అన్నదానికి మూడు షరతులు పెట్టుకున్నాను.

1. కెమెరా వైపు ఉన్న కన్ను పూర్తి సైజులో చూసినా స్పష్టంగా ఉండాలి.
2. చెవి, పాదం, తోక ఫ్రేము అంచున తెగిపోకూడదు.
3. నలుపులో బొచ్చు వెంట్రుకలు వేరువేరుగా కనిపించాలి.

దశ 1: ఫోను (జనవరి 3 నుంచి 6)

నాలుగు ఉదయాలు ఫోనుతో తీశాను. దాదాపు అన్నిటిలోనూ ఫ్రేము అంచున తోక, లేదా నల్లని గీతలా సాగిన శరీరం తప్ప మరేమీ లేదు. ఫొటో వివరాలు తెరిచి చూస్తే ఆ పొద్దుటి వెలుతురులో ఫోను తనంత తానే ఎంచుకున్న షట్టర్ వేగం (ఒక ఫొటోకు వెలుతురు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1/60 నుంచి 1/120 వంతు మధ్య ఉంది. నిలబడి తీయడం రెండో తప్పు. పైనుంచి చూస్తే నల్ల కుక్కపిల్లకు ముఖం ఉండదు, వీపు మాత్రమే ఉంటుంది.

మూడో రోజు నేల మీద పడుకొని తీశాను. మనిషి నేల మీద పడుకోవడాన్ని అది ఆటకు పిలుపుగా తీసుకుంది. వచ్చి ముఖం నాకి, జుట్టు పట్టుకొని లాగింది. అయితే ఉంచిన రెండు ఫొటోలూ ఆ రోజువే. ఆటకు పిలిచేటప్పుడు కుక్కపిల్ల ముందుకాళ్ళు నేలకు చాచి, వెనుక భాగం పైకెత్తి, అర సెకను పాటు కదలకుండా ఎదురు చూస్తుంది. సకినం తనంత తానుగా నిలిచేది ఆ ఒక్క క్షణమే. అది అలా వంగగానే నొక్కడానికి వేలు సిద్ధంగా ఉంచుకోవాలని పుస్తకంలో రాసుకున్నాను.

లెక్క: తీసినవి 312, ఉంచినవి 2. ఖర్చు, ఉడికించిన కోడి కార్జానికి 90 రూపాయలు. (కార్జాన్ని ఉప్పు, పసుపు, కారం లేకుండా ఉడికించి బఠాణీ గింజంత ముక్కలు చేయాలి. ఉల్లిపాయ కుక్కలకు విషం కనుక ఇంట్లో మిగిలిన కూర ముక్కలు ఎప్పుడూ వాడలేదు.)

దశ 2: కెమెరా, వెడల్పాటి అపర్చర్ (జనవరి 8, 10, 12)

ఇంట్లో ఉన్న పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే, లెన్సు మార్చుకోగల కెమెరా) తీశాను. సెన్సర్ (ఫొటోను నమోదు చేసే పలక) ఏపీఎస్-సీ అనే చిన్న పరిమాణం, వరుస షాట్లు సెకనుకు 5. జంతువుల కళ్ళను గుర్తించే సౌకర్యం అందులో లేదు. దానికి 50 ఎం.ఎం. లెన్సు పెట్టి, వెనుక నీళ్ళ ట్యాంకు మసకబారుతుందన్న ఆశతో అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే కన్నం; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్/1.8 దగ్గరే ఉంచాను. రెండు మీటర్ల దూరం, షట్టర్ 1/250, ఆటో ఫోకస్. ఈ నాలుగూ తప్పులే.

మూడు ఉదయాల్లో 540 ఫ్రేములు తీసి, పనికిరాని 531 ఫొటోలనూ ఒక సాయంత్రం కూర్చొని కారణం వారీగా విడదీశాను. ఈ పని మొదటి రోజే చేసి ఉంటే రెండు వారాలు కలిసి వచ్చేవి.

కదలికతో చెదిరినవి 228.
ఫోకస్ వేరే చోట పడినవి 171.
శరీరం ఫ్రేములోంచి తెగిపోయినవి 97.
మరీ చీకటిగానో మరీ వెలుతురుగానో వచ్చినవి 35.

ఫోకస్ ఎక్కడ పడిందని చూస్తే అత్యధికంగా నేల మీద పరిచిన జంపఖానా మీద పడింది. డాబా నున్నగా ఉండి కుక్కపిల్ల కాళ్ళు జారుతున్నాయని మా అమ్మ పెట్టెలోంచి తీసిచ్చిన పాత కొత్తవాడ జంపఖానా అది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ వరంగల్ నేతలోని ఎరుపు, నీలం, తెలుపు పట్టీలే ఇక్కడ చిక్కు తెచ్చిపెట్టాయి. ఆటో ఫోకస్ వెలుగునీడల తేడా ఎక్కువగా ఉన్న చోటును పట్టుకుంటుంది. నల్ల బొచ్చులో ఆ తేడా దాదాపు లేదు, పక్కనున్న పట్టీల్లో కావలసినంత ఉంది. పైగా సకినం జంపఖానా అంచు కుచ్చులు కొరకడం మొదలుపెట్టింది. దానిని ఉతికి తిరిగి పెట్టెలో పెట్టేసి, నాలుగు గోనె పట్టాలు కలిపి కుట్టి పరిచాను. గోనె జారదు, రంగు ఒకటే, కొరికినా విచారించనక్కరలేదు.

12వ తేదీన ప్రమాదం జరిగింది. మెడలో వేసుకోకుండా చేతికి చుట్టుకున్న కెమెరా పట్టీ కొస కిందికి వేలాడుతుండగా సకినం దానిని నోట కరచుకొని వెనక్కి లాగింది. కెమెరా నేలకు తగిలి లెన్సు ముందున్న ఫిల్టరు పగిలింది. అదృష్టవశాత్తు లెన్సుకు ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి పట్టీని పూర్తిగా విప్పేసి, ఇసుక నింపి మూతి కుట్టిన గుడ్డ సంచి మీద కెమెరాను పెట్టి వాడుతున్నాను. ఆ సంచి మీద లెన్సు మధ్యభాగం నేలకు 19 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. కుక్కపిల్ల కన్ను దాదాపు అదే ఎత్తు.

లెక్క: ఈ దశలో తీసినవి 540, ఉంచినవి 9. ఇప్పటిదాకా మొత్తం తీసినవి 852, ఉంచినవి 11. ఖర్చు, 450 రూపాయల ఫిల్టరుతో కలిపి 630 రూపాయలు.

సంక్రాంతికి మూడు రోజులు ఆపాను. పతంగులు తెగి పడిన మాంజా డాబా అంతా చుట్టుకొని ఉంది. 17వ తేదీ గంటన్నర సేపు వంగి వెతికి దారం ముక్కలన్నీ ఏరాను. ట్యాంకు వెనుక నిషేధిత నైలాన్ మాంజా కూడా దొరికింది. పరుగెత్తే కుక్కపిల్ల కాలికి అది చుట్టుకుంటే కోత ఎముక దాకా పోతుంది. ఇక ప్రతి ఉదయం కెమెరా బయటికి తీయకముందే నేలంతా ఒకసారి చేత్తో తడిమి చూడడం నియమం చేసుకున్నాను.

దశ 3: కొలతలు (జనవరి 18 నుంచి 28)

అది ఎంత వేగంగా పరుగెత్తుతుందో తెలియకుండా షట్టర్ వేగం ఊహించడం మానేశాను. రెండు ఇటుకలను 6 మీటర్ల దూరంలో పెట్టి, మేనల్లుడిని ఒక కొసన నిలబెట్టి, ఫోనులో సెకనుకు 60 ఫ్రేముల వీడియో తీశాను. ఇటుక నుంచి ఇటుకకు మూడు పరుగులకు వరుసగా 84, 90, 78 ఫ్రేములు పట్టాయి. సగటు 84 ఫ్రేములు, అంటే 1.4 సెకన్లు, వేగం సెకనుకు సుమారు 4.3 మీటర్లు. దీని నుంచి మిగతావన్నీ వచ్చాయి.

షట్టర్ 1/250 అయితే ఆ సమయంలో కుక్కపిల్ల 1.7 సెంటీమీటర్లు కదులుతుంది. 1/1000 అయితే 4.3 మిల్లీమీటర్లు. 1/1600 అయితే 2.7 మిల్లీమీటర్లు. ముందుకు విసిరే కాలు శరీరం కన్నా వేగంగా కదులుతుంది కాబట్టి 1/1000 దగ్గర కన్ను స్పష్టంగా వచ్చినా పాదాలు చెదిరాయి. 1/1600కు మార్చాక పాదం కింద ఎగిరిన గోనె పీచు కూడా కనిపించింది.

నన్ను నిజంగా నిలబెట్టి ఆలోచింపజేసిన లెక్క రెండోది. సెకనుకు 5 ఫ్రేములంటే ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య సకినం 86 సెంటీమీటర్లు ముందుకు వచ్చేస్తుంది. 50 ఎం.ఎం. లెన్సుతో, ఎఫ్/1.8 దగ్గర, రెండు మీటర్ల దూరంలో స్పష్టంగా వచ్చే లోతు సుమారు 11 సెంటీమీటర్లే. అంటే ఫోకస్ ఒక చోట నిలిపి బటను నొక్కి పట్టుకుంటే, ఆ 11 సెంటీమీటర్ల పట్టీలో ఒక ఫ్రేము పడే అవకాశం ఎనిమిది పరుగులకు ఒకసారి మాత్రమే. అపర్చర్ ఎఫ్/4 చేస్తే లోతు 25 సెంటీమీటర్లు, మూడున్నర పరుగులకు ఒకటి. అదే ఎఫ్/4 ఉంచి ఒక్క మీటరు వెనక్కి జరిగి మూడు మీటర్ల దూరం నుంచి తీస్తే లోతు సుమారు 57 సెంటీమీటర్లు, అంటే మూడు పరుగులకు రెండు. వెనక్కి జరిగితే ఫ్రేము వెడల్పు కూడా 90 సెంటీమీటర్ల నుంచి దాదాపు 1.3 మీటర్లకు పెరుగుతుంది కనుక చెవులు, తోక తెగిపోవడం కూడా తగ్గింది. ఒక్క అడుగు వెనక్కి వేయడంతో రెండు రకాల తప్పులు తగ్గాయి. ట్యాంకు మాత్రం వెనుక కనబడుతూనే ఉంది. కెమెరాను తూర్పు మూలకు మార్చి, వెనుక పిట్టగోడ వచ్చేలా చేసుకున్నాను.

ఆటో ఫోకస్ పూర్తిగా ఆపేశాను. ఒక ఇటుక మీద ఫోకస్ పెట్టి, మాన్యువల్‌కు మార్చి, తిప్పే రింగు కదలకుండా టేపు అంటించాను.

ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు మోతాదు) సంగతి. డాబాకు ఎండ తట్టుకోవడానికి తెల్ల రంగు వేసి ఉంది. కెమెరా ఆ తెలుపును చూసి వెలుతురు ఎక్కువగా ఉందని తగ్గించేస్తోంది. సకినం నల్లని రంధ్రంలా మిగిలిపోతోంది. గోనె పట్టాలు ఫ్రేమంతా నిండినప్పుడు సరిగ్గా తిరగబడి, ఛాతీ మీది తెల్ల మచ్చ వెలిసిపోతోంది. అందుకని మా ఇంటి మెట్లకు వాడగా మిగిలిన బూడిద రంగు గ్రానైట్ ముక్కను ఇటుక పక్కన పెట్టి, దాని మీద కొలిచి, మూడు విలువలూ చేత్తో స్థిరపరిచాను. 7 గంటల 15 నిమిషాల వెలుతురుకు 1/1600, ఎఫ్/4, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 800 సరిపోయాయి. పక్క భవనం మీదుగా ఎండ మా డాబాకు 7:10కి దిగుతుంది; 8 దాటితే ఛాతీ మచ్చ తేలిపోతుంది. నాకు దక్కేది 50 నిమిషాలే.

నల్ల ముఖంలో నల్ల కన్ను మెరవాలంటే కంట్లో ఒక తెల్లని ప్రతిబింబం ఉండాలి. మొదట పండుగకు తెచ్చిన థర్మాకోల్ పలకను నా పక్కన నిలబెట్టాను. సకినం రెండు నిమిషాల్లో దాని అంచు కొరికింది. నోట్లో వేలు పెట్టి ముక్కలు తీయవలసి వచ్చింది. దయచేసి ఎవరూ థర్మాకోల్ వాడవద్దు. దాని బదులు పాత ఫ్లెక్సీ బ్యానరును తిరగేసి, తెల్ల వైపు కనబడేలా పిట్టగోడకు ఎత్తుగా కట్టాను. ఫ్లాషు ఒక్కసారి కూడా వాడలేదు. చీకట్లో కుక్క కళ్ళు వెలుగును తిప్పి కొడతాయి, కన్ను ఉండవలసిన చోట ఆకుపచ్చ మెరుపు వస్తుంది.

జనవరి 21. ఈ రోజు గురించి రాయకపోతే డైరీ అబద్ధమవుతుంది. మేనల్లుడు గుడ్డ ముక్క చేత్తో ఆడిస్తుండగా సకినం గుడ్డను పట్టబోయి వేలిని పట్టింది. పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి; రక్తం వచ్చింది. కుక్కపిల్లకు అప్పటికి రేబిస్ టీకా పడలేదు. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు, గడియారం చూసి, కడిగించి, అదే ఉదయం ఆసుపత్రికి తీసుకెళ్ళి టీకా మొదలుపెట్టించాను. మిగతా విడతలన్నీ వాడికి వేయించాము. చిన్న గాటే కదా అని ఊరుకోవడానికి ఇక్కడ తావు లేదు. కుక్కపిల్లకు 13 వారాలు నిండగానే 25వ తేదీన రేబిస్ టీకా వేయించాను.

ఆ తర్వాత చేసిన మార్పులు:

1. గుడ్డను చేత్తో పట్టుకోవడం నిషేధం. మీటరున్నర వెదురు కర్రకు సుతిలి తాడు, దాని కొసకు ముడులు వేసిన పాత చీర ముక్క కట్టాము.
2. మేనల్లుడికి మందపాటి నిండు ప్యాంటు, బూట్లు.
3. ఆట ఎనిమిది నిమిషాలు. ఆ తర్వాత నీళ్ళు, నీడ, నిద్ర. గడియారం పెట్టి చూస్తే కొరకడం ఎప్పుడూ ఎనిమిదో, తొమ్మిదో నిమిషం దాటాకే పెరిగింది. అలసిన కుక్కపిల్లకు అదుపు ఉండదు.

లెక్క: ఈ దశలో తీసినవి 610, ఉంచినవి 41. మొత్తం 1,462, 52. ఖర్చు 780 రూపాయలు. వందకు రెండు కూడా లేనిది దాదాపు ఏడుకు వచ్చింది.

జనవరి 30: కెమెరా లేని ఉదయం

ఫోకస్ ఇటుక దగ్గర సిద్ధంగా ఉన్నా, కుక్కపిల్ల ఆ ఇటుక మీదుగా రావడం లేదు. పిలుస్తూ, చప్పట్లు కొడుతూ, గిన్నె మోగిస్తూ దానిని ఆ గీత మీదికి తేవాలని రెండు వారాలు శ్రమపడ్డాను. గిన్నె చప్పుడు మొదటి రెండుసార్లు చెవులు నిలబెట్టింది, మూడోసారికి పట్టించుకోలేదు. మేనల్లుడే ఒక మాట అన్నాడు: “అత్తమ్మా, మనం పిల్తే అది వస్తలేదు. ఉరికితే వస్తది. అది ఉరికే తొవ్వ ఏందో సూడరాదు?”

వాడు చెప్పినట్టే ఆ ఉదయం కెమెరా కింద ఇంట్లో వదిలేసి, డాబా పటం గీసుకొని, పిట్టగోడ మీద కూర్చొని చూశాను. ఆట ముదిరినప్పుడు సకినం ఉన్నట్టుండి తోక ముడిచి, వీపు వంచి డాబా చుట్టూ గిరగిరా తిరుగుతుంది. అలాంటి 20 చుట్లలో ప్రతిదానికీ పటం మీద గీత గీశాను. 14 చుట్లలో దారి ఒకటే: ట్యాంకు పక్కనుంచి బయలుదేరి, పడమటి పిట్టగోడ వెంట వచ్చి, మొదటి దండెం గుంజ దగ్గర కుడివైపు తిరిగి, రెండు గుంజల మధ్య నుంచి నేరుగా తూర్పుకు. నేను ఇటుక పెట్టింది గుంజల దారికి రెండు మీటర్లు పక్కన. దారి అంతా అది ముందే వేసి పెట్టుకుంది. నేను చేయవలసింది కెమెరాను ఆ దారికి ఎదురుగా తీసుకెళ్ళడమే. ఈ నెల రోజుల పనిలో ఇంతకన్నా విలువైన ఉదయం లేదు, అందులో ఒక్క ఫొటో కూడా లేదు.

దశ 4: దారికి ఎదురుగా (ఫిబ్రవరి 1 నుంచి 20)

బరువు 5.3 కిలోలు. ఇసుక సంచిని తూర్పు గోడ దగ్గర, రెండు గుంజల మధ్య దారికి ఎదురుగా పెట్టాను. అమరిక ఇది:

1. గుంజల దారి మీద, కెమెరాకు 3 మీటర్ల దూరంలో ఫోకస్ గుర్తు.
2. దానికి మీటరున్నర ముందు, అంటే కెమెరాకు 4.5 మీటర్ల దూరంలో, నొక్కే గుర్తు.
3. మేనల్లుడు కర్రతో నా వెనుక, కొంచెం ఎడమకు.
4. ఒక చుట్టుకు నాలుగు ఫ్రేములకు మించి తీయకూడదు.

నొక్కే గుర్తు ఎందుకంటే, కన్ను చూసి వేలు కదలడానికి పావు సెకను, కెమెరా అద్దం లేచి షట్టర్ తెరుచుకోవడానికి ఇంకో 0.1 సెకను పడుతుంది. ఆ 0.35 సెకన్లలో సకినం మీటరున్నర వచ్చేస్తుంది. ఫోకస్ గుర్తు దగ్గర చూసి నొక్కినన్నాళ్ళూ నాకు దక్కింది లెన్సును ఢీకొనబోయే ముక్కు మాత్రమే.

మొదటి రోజు గుర్తులు ముగ్గుపిండితో గీశాను. అది తప్పు. సకినం ఆగి గీతను నాకింది. కొన్ని ముగ్గుపిండిలలో సున్నం కలుస్తుంది, నాలుక పొక్కుతుంది. వెంటనే నోరు కడిగి, గీత తుడిచి, గోనె పట్టా మీద నల్ల దారంతో అడ్డకుట్టు వేసి గుర్తు చేశాను. కుక్కపిల్ల దానిని గమనించనే లేదు, ఫొటోలోనూ కనబడదు.

ఇంకో ఇబ్బంది కెమెరా చప్పుడు. అద్దం పడిన టక్కుమనే శబ్దానికి అది గుర్తు దగ్గరే ఆగి తల పక్కకు వంచి చూడడం మొదలుపెట్టింది. ఫొటో ముద్దుగానే ఉంటుంది, పరుగు మాత్రం చచ్చిపోతుంది. మూడు సాయంత్రాలు ఫొటో ఉద్దేశం లేకుండా పక్కన కూర్చొని, ఒక టక్కుకు ఒక కార్జం ముక్క చొప్పున రోజుకు 15 సార్లు ఇచ్చాను. నాలుగో రోజుకు ఆ శబ్దం దానికి మామూలైపోయింది. ఒక దుష్ఫలితం కూడా ఉంది: శబ్దం వినగానే ముక్క కోసం నేరుగా నా మీదికి రావడం. దానికి విరుగుడుగా, ముక్కలు ఇచ్చే పని మేనల్లుడికి అప్పగించాను. అది నన్ను దాటి వాడి దగ్గరికి పోతుంది, పోయేటప్పుడు గుంజల మధ్య దారినే వాడుకుంటుంది.

లెన్సు మీద ముక్కు తడి అంటడం ఆరు ఉదయాల్లోనూ తప్పలేదు. ఒకసారి చూసుకోకుండా 38 ఫ్రేములు మసకగా తీశాను. ఇప్పుడు ప్రతి మూడు చుట్లకు ఒకసారి లెన్సును వెలుతురుకు పెట్టి చూస్తున్నాను.

ఈ దశలో వచ్చినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఫిబ్రవరి 13 నాటిది. నాలుగు కాళ్ళూ శరీరం కింద ముడుచుకొని గాలిలో ఉన్నాయి, ఒక చెవి లోపలికి తిరగబడింది, నోట్లో చీర ముక్క రెపరెపలాడుతోంది, ఎడమ కంట్లో ఫ్లెక్సీ తెలుపు చుక్కలా మెరుస్తోంది. కుక్కపిల్లను పెంచుకుంటామని అడిగిన ప్రతివారికీ మొదట పంపింది ఈ ఫొటోనే.

లెక్క: ఈ దశలో తీసినవి 480, ఉంచినవి 83. మొత్తం 1,942, 135. ఖర్చు 1,020 రూపాయలు. వందకు 17.

దశ 5: నేల మీద (మార్చి 2, 7, 10)

టీకాలు పూర్తయ్యాయి, రెండు వారాలు గడిచాయి. బరువు 7.6 కిలోలు, ఎత్తు 37 సెంటీమీటర్లు. ఒంటికి తొడిగే పట్టీ, 10 మీటర్ల నూలు తాడు కొన్నాను. రెండూ కలిపి 530 రూపాయలు.

మొదటి రోజు ఉదయపు నడకకు జనం వచ్చే మైదానానికి తీసుకెళ్ళడం పొరపాటు. కొత్త వాసనలు, మూడు వీధి కుక్కలు, క్రికెట్ ఆడే పిల్లలు. సకినానికి దారి అనేదే లేకుండా పోయింది. అది నేలను వాసన చూడడమే తప్ప తల పైకి ఎత్తలేదు. 210 ఫ్రేములు తీసి 3 ఉంచాను. తరువాతి రెండు ఉదయాలు ప్రహరీ ఉన్న ఒక ఖాళీ ప్లాటులో చేశాము. ముందుగా గాజు ముక్కలు, పల్లేరు కాయలు ఏరి, అరగంట ఊరికే వదిలి, అది ఎటు తిరుగుతుందో చూశాకే సంచి పెట్టాను.

వేగం మళ్ళీ కొలిచాను. 10 మీటర్లకు 96 వీడియో ఫ్రేములు, అంటే 1.6 సెకన్లు, సెకనుకు దాదాపు 6.2 మీటర్లు. జనవరి లెక్కలేవీ ఇక్కడ పనిచేయవు. షట్టర్ 1/2000కు పెంచాను. నొక్కే గుర్తును ఫోకస్ గుర్తుకు 2.2 మీటర్ల ముందు పెట్టాను. 55-250 జూమ్ లెన్సును 100 ఎం.ఎం. దగ్గర ఉంచి 6 మీటర్ల దూరం నుంచి తీస్తే ఫ్రేము వెడల్పు డాబా మీద ఉన్నంతే ఉంటుంది. ఎఫ్/5 దగ్గర స్పష్టత లోతు సుమారు 72 సెంటీమీటర్లు. ఐఎస్ఓ 1000. తాడు ఫ్రేములో పడకుండా మేనల్లుడు దానిని కుక్కపిల్ల వెనుక వదులుగా నేలకు ఆనించి పట్టుకున్నాడు. 8:30 దాటాక మట్టి మీద అరచేతి వెనుక భాగం ఆనించి చూసి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే పని ఆపేశాము. మార్చి ఎండకు పాదాలు కాలుతాయి.

లెక్క: ఈ దశలో తీసినవి 465, ఉంచినవి 61. ప్లాటులో మాత్రమే చూస్తే 255కు 58, అంటే వందకు దాదాపు 23. మొత్తం 2,407, 196. ఖర్చు 1,700 రూపాయలు.

అప్పగింత

ధర్మసాగర్ వైపు మామిడి తోట ఉన్న దంపతులు ఫిబ్రవరి 13 నాటి ఫొటో, ప్లాటులో తీసిన మరో ఐదు చూసి వచ్చారు. డాబా మీద సకినం ఆయన లుంగీ కొస పట్టుకొని లాగుతుంటే ఆయన వదిలించుకోలేదు.

“గిది ఎప్పుడూ గిట్లనే ఉరుకుతదా మేడం?”

“ఒక్క పూట కూడ ఆగదు. చెప్పులు కొరుకుతది, పిలిస్తే రాదు.”

“ఉరుకనియ్యుండ్రి. తోటల కోతులతోని మస్తు తిప్పలైతాంది.”

తోటలోని బావికి గోడ ఉందా అని అడిగాను. లేదని నిజం చెప్పారు. వారం రోజుల్లో చుట్టూ కంచె కట్టించి ఫొటో పంపారు. ఆ తర్వాతే ఇచ్చాను. వెదురు కర్ర, చీర ముక్క, టీకాల పుస్తకం వెంట పంపాను.

పదో రోజు ఆమె ఫోనులో తీసి పంపిన మొదటి ఫొటోలో మామిడి మొదలు, పక్కన సగం తోక ఉన్నాయి. అది తోటలో ఎక్కువసార్లు ఏ దారిన పరుగెత్తుతుందో ఒక పూట ఊరికే చూడమనీ, ఆ దారి చివర కూర్చొని ఫోనును దాని కంటి ఎత్తుకు దించమనీ, ఎండ బాగా ఉన్నప్పుడు, అది ఇంకా నాలుగడుగుల దూరంలో ఉండగానే వరుస షాట్ల బటను నొక్కి పట్టుకోమనీ చెప్పాను. రెండు రోజుల తర్వాత 11 ఫొటోలు వచ్చాయి. ఏడోదానిలో ఎడమ కన్ను స్పష్టంగా ఉంది, తోక చివర కూడా తెగలేదు. దానిని 197వదిగా లెక్కలో రాసుకున్నాను.